నూట పన్నెండో పేజీ

జులై 2, 2024

తొంభై నాలుగు శాతం.

జులై 3

నాకు అసూయ లేదు.

జులై 6, శనివారం

ఇది ల్యాబ్ నోట్‌బుక్ కాదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో పేజీ నంబర్లు ముందే అచ్చయి ఉంటాయి. చెరపకూడదు, చింపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్కటే గీత గీయాలి, కింద ఉన్న మాట చదవడానికి వీలుగా. పక్కన తేదీ వేసి పొడి సంతకం పెట్టాలి. శనివారం శనివారం, ఆ పనిలో లేని మనిషి ఒకరు పేజీలన్నీ చదివి 'చదివి అర్థం చేసుకున్నాను' అని సాక్షి సంతకం చేయాలి. దీపిక నోట్‌బుక్‌కి సాక్షిని నేను. ఇవాళ ఆ తొంభై నాలుగు కింద సంతకం పెట్టాను. పెన్ను సరిగా పడలేదు, రెండుసార్లు దిద్దాను.

తొమ్మిదేళ్ళలో నా గరిష్ఠ ఫలితం అరవై ఒకటి. 2022 నవంబరులో వచ్చింది. దీపిక మా ల్యాబ్‌లో చేరింది ఈ మార్చి పదకొండున. నూట పదమూడు రోజులు.

జగ్గమ్మ పిన్ని ఎప్పుడు కలిసినా నేనేం చేస్తానని అడుగుతుంది, ఎప్పుడూ ఒకటే చెబుతాను. పలాసలో నువ్వు జీడిపిక్కలు కొట్టి పడేస్తావే తొక్కలు, వాటి నూనె మాకొస్తుంది. రాజాం మిల్లుల నుంచి ఊక వస్తుంది. ఊక కాల్చిన బూడిద మీద నికెల్ ఎక్కిస్తాం. ఆ పొడీ నూనే కలిపి, ఎనిమిది బోల్టులు బిగించిన స్టీలు పాత్రలో హైడ్రోజన్ పట్టించి వేడి చేస్తాం. చివరికి పొడి అలాగే మిగలాలి. నల్ల నూనె మాత్రం తెల్ల మైనం కావాలి. ఆ మైనం రంగుల కంపెనీలు కొంటాయి. పిన్ని ప్రతిసారీ, "అయితే అవుతందేటి?" అంటుంది. నేను ప్రతిసారీ, "అరవై శాతం అవుతోంది" అంటాను.

మా గైడ్ ధర్మారావు సార్ కాజాలు తెప్పించారు.

"ఏటి కన్యాకుమారీ, ఒక్కటీ ముట్టుకోవేటి? తొమ్మిదేళ్ళకి మన ల్యాబులో మొదటి పండగ."

"సుగర్ సార్" అన్నాను.

నాకు సుగర్ లేదు.

జులై 9

దీపిక నరసన్నపేట వెళ్ళింది. వాళ్ళ నాన్నది అక్కడ పప్పుల టోకు దుకాణం.

ఆమె సీసాలోంచి అర గ్రాము పొడి తీసుకున్నాను. ల్యాబ్‌లో సీసాలు అందరివీ. చర్య సగం నడిచాక, వేడి దిగకముందే పొడిని వడగట్టేసి, ఉత్త నూనెను మళ్ళీ రెండు గంటలు వేడి చేశాను. పొడిలోని నికెల్ కరిగి నూనెలోకి జారి ఉంటే, పొడి లేకపోయినా చర్య సాగుతుంది. అప్పుడది ఘన ఉత్ప్రేరకమే కాదు. అప్పుడా తొంభై నాలుగుకి విలువ లేదు. ఇలాంటివి మూడు నేను పట్టుకున్నాను, మూడూ వేరే కాలేజీలవి.

చర్య ఆగిపోయింది. వడగట్టినప్పుడు నలభై ఎనిమిది. రెండు గంటల తర్వాత నలభై ఎనిమిది.

మిగిలిన పొడితో మొత్తం చర్య చేసి చూశాను.

ఎవరో ఒకరు పరీక్షించాలి కదా. అందుకే చేశాను.

జులై 10

నేను చేస్తే తొంభై మూడు. ఆమె చేస్తే తొంభై నాలుగు.

జులై 15

ఇవాళ అడిగేశాను. దీపిక సింకు దగ్గర కుప్పెలు కడుగుతోంది. కడిగేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తుంది.

"ఊకనేం చేశావు?"

"ఏం సెయ్యలేదు మేడమ్. కాల్చేముందు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టేను."

"ఎవరు చెప్పారు?"

"ఎవరేటి, మీరే!" అని నవ్వింది. "మీ ఆరో నోట్‌బుక్. డెబ్భై ఒకటో పేజీ."

బీరువాలోంచి తీసి చూశాను. 2021 సెప్టెంబరు. తుపానుకి మిల్లు పెరట్లో ఊక బస్తాలు మూడు రోజులు నానాయి. వేరే ఊక దొరక్క అదే ఆరబెట్టి కాల్చాను. డెబ్భై ఎనిమిది వచ్చింది. కింద నా చేతిరాత: 'ఊక తడిసి చెడింది. ఈ ఫలితం లెక్కలోకి తీసుకోలేదు.'

మాది వరి పండించే ఇల్లు. కళ్ళంలో తడిసిన ధాన్యం మొలకెత్తితే మా నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తడిసింది అంటే మా ఇంట్లో పోయింది అనే అర్థం. నాకు మరో ఆలోచన రాలేదు.

"మా దుకాణంలో తడిసిన సరుకు పారబొయ్యం మేడమ్. ఎండబెట్టి, ఏటయిందో సూస్తాం" అంది దీపిక.

ఊకలోని పొటాషియం నీళ్ళలో పోతుంది. అది ఉండగా కాలిస్తే బూడిద కరిగి గట్టిపడి, నికెల్ కూర్చోవలసిన రంధ్రాలు మూసుకుపోతాయి. కాల్చాక ఎంత కడిగినా తెరుచుకోవు. తొమ్మిదేళ్ళు నేను కాల్చాక కడిగాను.

ఆ డెబ్భై ఎనిమిది నాది.

జులై 16

ఆ డెబ్భై ఎనిమిది నాది.

జులై 19

పలాస నుంచి జీడి ఫ్యాక్టరీవాళ్ళు ఆగస్టు తొమ్మిదిన వస్తున్నారు. వాళ్ళ కళ్ళ ముందు చేసి చూపించాలి. నచ్చితే అక్కడ పెద్ద రియాక్టరు పెడతారు, ఒక శాస్త్రవేత్త ఉద్యోగం ఇస్తారు. నా పీహెచ్‌డీ గడువు సెప్టెంబరు ముప్పైతో అయిపోతుంది. ఇంకో పొడిగింపు లేదు.

"దీపిక చేస్తుంది" అన్నారు సార్. "నువ్వు పక్కనుండి చూసుకో. నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

జులై 27, శనివారం

ఫ్యాక్టరీ నుంచి నూనె పీపా వచ్చింది. నీలం రంగు, యాభై లీటర్లు. ప్రదర్శన ఈ నూనెతోనే చేయాలట, ఇప్పుడు వాళ్ళ దగ్గర తయారయ్యేది ఇదేనట. మా అటెండరు లక్ష్ముడు దొర్లించుకొచ్చి మూత తీశాడు.

"ఏటమ్మా, ఈపాలి కంపు తక్కువున్నాది? ఎప్పుడూ మాడు కంపు కదా."

"వానాకాలం కదా" అన్నాను.

"వానకీ కంపుకీ ఏటి సమ్మందమమ్మా?"

మూత తిరిగి బిగించమన్నాను.

సంబంధం లేదు. మాడు వాసన లేదంటే పిక్కలు మాడ్చలేదు. ఆవిరికి ఉడికించి, తొక్కలు పిండారు. ఇది పచ్చి నూనె. మాడ్చిన నూనెలో ఉండేది కార్డనాల్, మైనం అయ్యేది అదే. పచ్చి నూనెలో సగానికి పైగా ఆమ్లం. అది వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తుంది, అప్పుడు గానీ కార్డనాల్ కాదు. 2018 మేలో తెలియక గాజు కుప్పెలో కాచాను. నురగ పొంగి కుడి మణికట్టు మీద పడింది. మచ్చ నాలుగు సెంటీమీటర్లు.

అది గాజు కుప్పె, మూతి తెరిచి ఉంది. ఇది బోల్టులు బిగించిన పాత్ర.

దీపికకి చెప్పాలి. సోమవారం చెబుతాను.

జులై 29

ఉదయం దీపికే వచ్చింది. చేతిలో నోట్‌బుక్.

"మేడమ్, పీపా సూసేరా? నూనె బాగానే ఉందా?"

"చూశాను. బాగానే ఉంది."

"సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

ఇంకేమైనా అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

జులై 30

లెక్క వేశాను. పాత్ర ఆరు వందల మిల్లీలీటర్లు. నూనె రెండు వందల గ్రాములు. అందులో ఆమ్లం నూట ముప్పై. అదంతా వాయువు వదిలితే, నూట ఎనభై డిగ్రీల దగ్గర ముప్పై అయిదు బార్ల ఒత్తిడి. హైడ్రోజన్ వేడెక్కి నలభై అయిదు. మొత్తం ఎనభై.

రక్షణ రేకు డెబ్భై దగ్గర చిరుగుతుంది. చిరగడానికే అది ఉంది. పాత్ర పేలదు. మూతకున్న గొట్టంలోంచి నూనె, వాయువు బయటికి పోతాయి. ప్రదర్శన చెడుతుంది. అంతకుమించి ఏమీ జరగదు.

ఆగస్టు 1

ఎవరూ నన్ను అడగలేదు.

ఆగస్టు 3, శనివారం

సాక్షి సంతకాలు చేయలేదు. తలనొప్పి అన్నాను. వచ్చే శనివారం రెండు వారాలవీ కలిపి చేస్తానన్నాను. దీపిక నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. తెరవలేదు. సాయంత్రం తిరిగి తీసుకుపోయింది.

ఆగస్టు 4

జగ్గమ్మ పిన్ని రాజాంలో పెళ్ళికని వచ్చి మా ఇంట్లో దిగింది. చేతులు చూశాను. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. వేళ్ళ మీద గీతలు లేవు. ఆధార్ మిషను ఆమె వేలిని పట్టడం ఎప్పుడో మానేసింది.

"ముందుకంటే ఎక్కువైంది" అన్నాను.

"అవదేటి? ఇప్పుడు మాడ్సడం మానీసేరు కదే. అంతా ఆవిరే. ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా పచ్చి నూని సర్మం వొలిసేస్తాది. అవునే కన్యా, మీ కాలేజీకి ఇప్పుడు ఏ నూని ఇస్తన్నారు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటేటి? పచ్చిదయితే అందరికీ సెప్పు. ఆ పిల్లకి సెప్పేవా?"

"ఏ పిల్ల?"

"ఏ పిల్లేటి! పొద్దున్న దిగిన కాడ్నించి ఏడుసార్లు సెప్పినావు. ఆ పిల్ల కూనిరాగం తీస్తాది, ఆ పిల్ల కోటు మీది గుండీ పెట్టుకోదు, ఆ పిల్లకి సారు కాజాలెట్టేడు. నీకు ఆ పిల్లంటే ఇష్టమేటే?"

"ఇష్టమే" అన్నాను.

పిన్ని నా ముఖం చూసి, అన్నం పెట్టమంది.

ఆగస్టు 6

రక్షణ రేకు గొట్టం లేదు.

వేసవిలో గోడలకి సున్నం వేయించినప్పుడు బల్లలు జరిపారు. అప్పుడు గొట్టం విప్పి కిటికీ కింద పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది. అప్పట్నుంచి అందరూ గొట్టం లేకుండానే పనిచేస్తున్నారు. నేను కూడా అలాగే చేశానని ఇవాళ తెలిసింది. గొట్టం లేని రంధ్రం ముందుకి చూస్తోంది. ముందు ఉన్నది ప్రెజర్ గేజ్ చదవడానికి దీపిక కూర్చునే స్టూలు.

స్టూలు మీద కూర్చుని టేపుతో కొలిచాను. రంధ్రానికీ నా ముఖానికీ ఎనభై సెంటీమీటర్లు.

నూట ఎనభై డిగ్రీల నూనె.

దీపిక లోపలికొచ్చింది. "ఏటి కొలుస్తన్నారు మేడమ్?"

"ఆ రోజు కుర్చీలు ఎక్కడ వేయాలో చూస్తున్నాను."

ఆగస్టు 8

రేపటికి సెలవు పెట్టాను. జ్వరం అని రాశాను. థర్మామీటరు పెట్టి చూశాను. 98.2.

ఆగస్టు 9

పది గంటలకి హీటరు వేస్తారు. నూట ఎనభైకి చేరడానికి యాభై నిమిషాలు. నూట యాభై దాటాక వాయువు వేగంగా వస్తుంది. పదీ నలభైకి డెబ్భై బార్లు దాటుతుంది. ఇది లెక్క.

తొమ్మిదీ యాభైకి ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. పదీ రెండుకి దీపికకి ఫోన్ చేశాను. స్విచాఫ్. పని నడుస్తున్నప్పుడు ఫోన్లు బయట పెట్టాలన్నది నేను పెట్టిన నియమమే. సార్‌కి చేశాను, ఎత్తలేదు. లక్ష్ముడు ఎత్తాడు.

"లక్ష్ముడూ, వాళ్ళని ఆపమను. హీటరు ఆపమను."

"ఏటమ్మా? ఇనబళ్ళేదు. కంపినీవోలకి ఇడ్లీలట్టుకొస్తన్నాను. పాలకొండ రోడ్డులో ఉన్నాను."

"హీటరు!"

"ఏటి, మీటరా?"

ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కాను. కాలేజీ గేటు దగ్గర దిగేసరికి పదీ ముప్పై ఒకటి. చెప్పులు మెట్ల దగ్గర వదిలేసినట్టున్నాను, తర్వాత లక్ష్ముడు తెచ్చిచ్చాడు.

తలుపు తోసి, "ఆపు" అన్నాను. "ఆపు, లే అక్కణ్ణుంచి."

అందరూ తిరిగి చూశారు. ఫ్యాక్టరీవాళ్ళు ముగ్గురు, ధర్మారావు సార్. స్టూలు మీద దీపిక.

"ఏటయింది మేడమ్? జొరమన్నారు కదా."

గేజ్ చూశాను. నూట యాభై ఎనిమిది డిగ్రీలు. నలభై మూడు బార్లు. చూస్తుండగా నలభై రెండుకి దిగింది. దిగుతోందంటే నూనె హైడ్రోజన్ తీసుకుంటోంది. వేరే వాయువేదీ రావడం లేదు.

రేకుకి గొట్టం బిగించి ఉంది. గొట్టం రెండో చివర కిటికీలోంచి బయటికి ఉంది.

"ఏమీ లేదు" అన్నాను. "చూద్దామని వచ్చాను."

సార్ ఫ్యాక్టరీవాళ్ళ వైపు తిరిగారు. "జ్వరంతో కూడా ఆగలేక పరిగెత్తుకొచ్చింది చూశారా. మా సీనియర్ అంటే అదీ."

ఒంటిగంటకి పాత్ర విప్పారు. పొడిని వడగట్టాక, పళ్ళెంలో పోసిన ద్రవం చల్లారి గడ్డకట్టింది. తెల్లటి మైనం. ఫ్యాక్టరీ పెద్దాయన గోటితో గీరి, వాసన చూసి, "ఇది మా తొక్కేనా?" అన్నాడు.

తొంభై అయిదు శాతం.

ఆగస్టు 10, శనివారం

దీపిక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. రెండు వారాల పేజీలు. ఈసారి వెళ్ళిపోలేదు, ఎదురుగా కూర్చుంది.

జులై 29 పేజీ. గుండ్రటి అక్షరాలు. 'పీపా తెరిచాను. మాడు వాసన లేదు. కన్యాకుమారి మేడమ్ నాలుగో నోట్‌బుక్, 112వ పేజీ చూశాను. పచ్చి నూనె కావచ్చు. మేడమ్‌ని అడిగాను. చూశానని, బాగానే ఉందని చెప్పారు. అయినా యాభై గ్రాములు తెరిచిన పాత్రలో కాచి చూశాను. నురగ వచ్చింది. పచ్చి నూనె.'

తర్వాతి పేజీల్లో ఆ వారమంతా నూనె కాచిన వివరాలు. నూట నలభై డిగ్రీలు, విడతకి మూడు గంటలు, నురగ ఆగేదాకా. 112వ పేజీలో నేను రాసిన పద్ధతి అదే. 'పచ్చి నూనెను నేరుగా బోల్టులు బిగించే పాత్రలో పెట్టకూడదు' అని కింద రెండు గీతలు గీశాను అప్పట్లో. ఆగస్టు 7 పేజీలో ఒక వాక్యం: 'మేడమ్ కొలుస్తుంటే గమనించాను, రేకు గొట్టం లేదు. లక్ష్ముడి చేత బిగింపించాను.'

పోయిన శనివారం ఈ నోట్‌బుక్ నా బల్ల మీద సాయంత్రం దాకా ఉంది.

"నేను బాగానే ఉందన్నాను కదా" అన్నాను. "మరి ఎందుకు కాచి చూశావు?"

దీపిక కోటు గుండీ పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"మీరు బాగుందన్నారు. మీ పుస్తకం బాగులేదంది. మీ పుస్తకాన్ని నమ్మేను మేడమ్."

"నాకు తెలిసే చెప్పాననుకున్నావా?"

"అది మీరు రాయాలి మేడమ్. నేను సూసిందే రాసేను."

పెన్ను తీసుకున్నాను. సాక్షి గడిలో రెండు లైన్ల చోటుంది. 'చదివి అర్థం చేసుకున్నాను. అది పచ్చి నూనె అని 27వ తేదీనే నాకు తెలుసు. 29న బాగానే ఉందని అబద్ధం చెప్పాను. గొట్టం లేదని 6న తెలిసి కూడా చెప్పలేదు.' చోటు చాలక చివరి మాటలు మార్జిన్‌లోకి పోయాయి. పేరు, తేదీ వేశాను.

దీపిక పుస్తకం తన వైపు తిప్పుకుని చదివింది. రెండోసారి చదివింది. సిరా ఆరేదాకా మూయకుండా పట్టుకుంది. కూనిరాగం తీయలేదు.

"సోమవారం సార్ సూస్తారు ఈ పేజీలు" అంది.

"తెలుసు."

"ఎనభై సెంటీమీటర్లేనా మేడమ్? మీరు కొలిసింది."

"ఎనభై."

లేచి వెళ్ళింది. తలుపు దగ్గర ఆగింది గాని వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఆగస్టు 1 నాటి 'ఎవరూ నన్ను అడగలేదు' మీద ఒక గీత గీశాను, కింది మాట కనబడేలా. పక్కన తేదీ, పొడి సంతకం. జులై 9న 'అందుకే చేశాను' మీద ఒకటి.

జులై 3 నాటి 'నాకు అసూయ లేదు' దగ్గర ఎక్కువసేపు ఆగాను. అయిదు నెలల్లో ఆమె చదివిన నా పుస్తకాలు ఏడు. తొమ్మిదేళ్ళలో నేను తిరిగి చదివినవి ఎన్ని అంటే చెప్పలేను. తొంభై అయిదు గుర్తొచ్చింది. పళ్ళెంలో గడ్డకడుతున్న ఆ తెలుపు గుర్తొచ్చింది. అది చూసి ఇప్పటికీ నాకు సంతోషం కలగలేదు.

దాని మీద కూడా ఒక గీత గీశాను. తేదీ వేశాను.